మెదక్ విద్యార్థులకు నర్సింగ్ డిగ్రీలు

తెలంగాణలో నర్సింగ్ డిగ్రీలను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ప్రదానం చేస్తుంది. రాష్ట్ర విభజనకు ముందు మెదక్ ప్రాంతపు నర్సింగ్ కళాశాలలు విజయవాడలో 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే ఉండేవి.

ప్రధానమైనది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లిష్ చదివి, 17 ఏళ్లు నిండినవారు అర్హులు. భారత నర్సింగ్ మండలి 2021లో దీన్ని ఎనిమిది సెమిస్టర్లుగా మార్చింది. తరగతి పాఠం ఎంతో, ఆసుపత్రి వార్డులో పని అంతకంటే ముఖ్యం; రాత్రి విధులు కూడా శిక్షణలో భాగమే.

మూడేళ్ల జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిగ్రీ కాదు, డిప్లొమా. ఆ తేడా తెలియక చేరేవారు ఇప్పటికీ కనిపిస్తారు. అయితే దారి మూసుకుపోదు: జీఎన్ఎం పూర్తిచేసి నర్సుగా నమోదైనవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో పట్టభద్రులు కావచ్చు.

ఆపైన రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది. వైద్య-శస్త్రచికిత్స, ప్రసూతి-స్త్రీవ్యాధులు, శిశు ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం దాని శాఖలు. బోధన వృత్తిలోకి వెళ్లదలచినవారికి ఇదే ప్రధాన మార్గం. ఏ డిగ్రీ ఉన్నా, రాష్ట్ర నర్సింగ్ మండలిలో నమోదైతేనే నర్సుగా పనిచేయవచ్చు.