ఉప్పెన వేరు, పోటు వేరు

ఉప్పెన మాట వినగానే మనలో చాలామంది తిథి చూసుకుంటారు. అందులో అర్థం లేకపోలేదు. అమావాస్యకూ పున్నమికీ, ఆ తరువాతి ఒకటి రెండు రోజులూ సముద్రపు పోటు పెద్దది. అష్టమి దాటాక మందగిస్తుంది. అయితే ఉప్పెన చంద్రుడి పని కాదు, గాలి పని. తుపానుగాలి నీటిని ఒడ్డుకు తోసుకొస్తుంది. మన కృష్ణా తీరాన సముద్రం చాలాదూరం లోతు తక్కువ కనుక, వచ్చిన నీటికి దారి లేక పైకి లేస్తుంది. ఆ గంటకు పోటు కూడా ఉంటే రెండూ కలుస్తాయి. పోటుకూ పాటుకూ మధ్య ఆరుగంటల పైచిలుకే గదా, అంచేత తుపాను ఏ వేళకు తీరం దాటుతుందనేది కూడా లెక్కే.

బందరు చరిత్ర చూడండి. 1864 అక్టోబరు 30న అమావాస్య. నవంబరు 1 రాత్రి తుపాను పడింది. మామూలు పోటుమట్టానికి 13 అడుగుల ఎత్తున లేచిన నీరు కొన్నిచోట్ల 17 మైళ్ల దాకా లోపలికొచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. పోటు రోజులు గనుక అంత నష్టం అనిపిస్తుంది.

మరి 1977 నవంబరు 19 సంగతేమిటి? అమావాస్య 11న వెళ్లింది, పున్నమి 25న. అంటే పోటు మందంగా ఉండే రోజులే! అయినా దివిసీమ మీద సుమారు 16 అడుగుల ఉప్పెన పడింది. ప్రభుత్వ లెక్కలోనే పోయినవారు పదివేల దరిదాపు. బందరు దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా అయిదారు అడుగులకు మించదు, ఉప్పెన దానికి రెండు మూడు రెట్లు. తిథి బాగుందని ఇంట్లో కూర్చుంటే లాభం లేదన్నమాట. హుగ్లీ ముఖాన వేరు. అక్కడ పోటే 15 అడుగుల దాకా లేస్తుంది కాబట్టి, కొద్ది గంటల తేడాతో ఊరు బయటపడవచ్చు.

1990 మే 9న పున్నమి. ఆ రోజే కృష్ణా ముఖం దగ్గర పెద్ద తుపాను దాటింది. తిథి చూస్తే 1977 కంటే చెడ్డ రోజు. కాని పోయినవారు వెయ్యి లోపు. కబురు ముందే అందింది, జనాన్ని పెద్ద ఎత్తున తరలించారు.

ఇంకొక్క మాట. వాతావరణ శాఖవారు ఉప్పెన ఒక మీటరు అంటే, ఆ వేళకుండే పోటు నీటి మీద ఒక మీటరు అని. పోటును మీరు కలుపుకోవాలి సుమా!

ఇక పొలం మాట. పోటువేళ సముద్రమట్టం ఎత్తు గనుక మురుగు కాలువల్లోంచి వాననీరూ దిగదు, ఉప్పునీరూ దిగదు. తలుపులున్నచోట పోటుకు మూసి, పాటుకు తీయండి. గట్టుకు గండి కొట్టవలసి వస్తే, పాటు మొదలయ్యేవేళ చూసి కొట్టి, నీరు తిరిగేలోగా పూడ్చుకోండి.