పడుకున్నాడు అంటే ఏమిటి?

తెలుగులో ‘పడుకున్నాడు’ అంటే రెండర్థాలు. నడుం వాల్చాడని ఒకటి, నిద్రపోయాడని ఇంకొకటి. సందర్భాన్ని బట్టి మనకి తెలిసిపోతుంది. చేతికి కట్టుకున్న వాచీకి తెలియదు. నిద్రని కొలిచిన చరిత్ర చదువుతుంటే నాకు అడుగడుగునా ఈ చిక్కే కనిపించింది.

నిద్ర కొలత మొదలైంది తలకి అంటించిన వైర్లతో. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మనిషి మెదడు తరంగాలని తొలిసారి నమోదు చేశాడు. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు చకచకా కదిలే దశ ఉందని చూపించారు. (అసెరిన్‌స్కీ ఆ వైర్లు అంటించిన వాళ్ళలో సొంత కొడుకూ ఉన్నాడు!) అంతా బాగానే ఉంది గానీ, కొత్త గదిలో, తలనిండా వైర్లతో ఎన్ని రాత్రులని పడుకోబెడతారు? డిప్రెషన్, ఉన్మాదం నెలల తరబడి నడిచే కథలు.

అందుకని 1970లలో చూపు మణికట్టు మీదకి మళ్ళింది. డేనియల్ క్రిప్కీ బృందం 1978లో మణికట్టు కదలికల్ని మెదడు తరంగాలతో పోల్చి చూసింది. 1992లో కోల్, క్రిప్కీ తదితరులు ఒక సూత్రం ఇచ్చారు: ఈ నిమిషంలోనూ, దాని వెనకా ముందూ చెయ్యి ఎంత కదిలిందో లెక్కగట్టు, తక్కువైతే నిద్ర అని రాసుకో. దాదాపు 88 శాతం సరిపోయింది.

అయితే ఆ మిగిలిన 12 శాతం ఎవరి మీద పడుతుందన్నదే అసలు సంగతి. నిద్రపట్టక, ఫ్యాన్ వైపు చూస్తూ కదలకుండా పడున్న మనిషిని ఈ సూత్రం నిద్రపోయినట్టే రాసుకుంటుంది. డిప్రెషన్‌తో అలా పడుండే వాళ్ళెందరో. ఉన్మాదంలో ఉన్న మనిషి అలా కాదు, అర్ధరాత్రి లేచి తిరుగుతాడు, వాచీ ఇట్టే పట్టేస్తుంది. నిద్ర తగ్గడమే ఉన్మాదానికి దారితీయొచ్చని థామస్ వేర్, సహచరులు 1987లోనే ప్రతిపాదించారు కాబట్టి అక్కడ ఈ పరికరం నిజంగా పనికొచ్చేదే.

నాకు నచ్చిన వాడకం మాత్రం బ్రిటన్‌లోది. 2013–15 మధ్య యూకే బయోబ్యాంక్ లక్షమందికి పైగా మణికట్టు పరికరాలిచ్చి వారం రోజులు పెట్టుకోమంది. అందులో 91,105 మంది లెక్కలతో 2018లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో ఒక వ్యాసం వచ్చింది. పగటి హడావుడికీ రాత్రి నెమ్మదికీ తేడా చెరిగిపోయిన వాళ్ళలో డిప్రెషన్, బైపోలార్ ఎక్కువ కనిపించాయి. ఏది కారణమో, ఏది ఫలితమో వారం లెక్కలతో తేలదనుకోండి. కానీ అక్కడ పరికరాన్ని అడిగింది నిద్ర గురించి కాదు, దానికి తెలిసిన కదలిక గురించే.

ఇప్పటి వాచీలు నాడి కూడా చూసి, గాఢనిద్ర ఇన్ని నిమిషాలని చెప్పేస్తున్నాయి. చాలా కంపెనీలు ఆ లెక్క ఎలా కట్టాయో బయటపెట్టవు. పైగా మధ్యలో సాఫ్ట్‌వేర్ మారిందా, నిరుటి రాత్రినీ ఈ ఏటి రాత్రినీ ఒకే తూకంలో వెయ్యలేం.

అందుకే జాగ్రత్త తెలిసిన పరిశోధకులు వాచీతో పాటు ఒక డైరీ కూడా చేతికిస్తారు. ఎన్నింటికి లైటు ఆర్పారు? నిద్రపట్టడానికి ఎంతసేపైంది? రాత్రి ఎన్నిసార్లు మెలకువొచ్చింది? పొద్దున్నే ఆ మనిషే రాయాలి.