గుంటూరు గ్రహణం, ఫిల్మ్‌నగర్ గురుడు

ఫిల్మ్‌నగర్‌లో మిత్రుని మేడ మీదికి దూరదర్శినిని మోసుకెళ్ళిన రాత్రి అతడు నవ్వి, "ఈ దీపాల వెలుగులో చుక్కలేం కనిపిస్తాయండీ?" అన్నాడు. పాలపుంత విషయంలో ఆ మాట నిజమే. గురుగ్రహాన్ని మాత్రం నగరదీపాలు మింగలేవు. దాని రూపాన్ని చెదరగొట్టేది మన నెత్తిమీది గాలి.

అందుకే గ్రహాలను ఇప్పుడు వీడియోగా తీస్తున్నారు. సెన్సరు మొత్తాన్ని కాక, గ్రహమున్న చిన్న చతురస్రాన్ని మాత్రమే చదివిస్తే సెకనుకు వందకు పైగా ఫ్రేములు వస్తాయి. గాలి నిలకడగా ఉన్న లిప్తలో పడినవాటిని ఏరి, తక్కినవి పారేసి, ఏరినవాటిని ఒకదానిపై ఒకటి పేరుస్తారు. గురుడు పది గంటలలోపే ఒక చుట్టు తిరుగుతాడు గనుక, రెండు మూడు నిమిషాలు దాటితే వివరాలు అలుక్కుపోతాయి.

మిత్రుడు సినిమా ఎడిటరు. "ఇదంతా మా దగ్గర నేర్చిందే!" అన్నాడు. వరుస తలక్రిందులైందని చెప్పవలసి వచ్చింది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి జూల్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణరేఖలు ఎంతో ప్రకాశవంతంగా కనిపించేసరికి, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడే చూశాడు.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటాడు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన వేధశాల నుండి ఆ సంక్రమణాన్ని గమనించాడు. అయితే శుక్రుడు సూర్యుని అంచును తాకే క్షణం ఒక్కొక్కరి కంటికి ఒక్కో విధంగా తోస్తుంది. ఈ చిక్కు తీర్చడానికి జాన్సెన్, తిరిగే పళ్ళెం మీద 72 సెకన్లలో 48 చిత్రాలు తీసే 'ఛాయాచిత్ర రివాల్వర్'ను చేయించి, జపానులోని నాగసాకికి తీసుకువెళ్ళాడు. ఆ ఊహనే అందుకొని మారే 1882లో ఛాయాచిత్ర తుపాకిని నిర్మించాడు. 1895లో లూమియేర్ సోదరులు తమ సినిమాటోగ్రాఫుతో వృద్ధుడైన జాన్సెన్‌నే చిత్రించారు.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. "నేను పుట్టింది గుంటూరులోనే. ముప్పై ఏళ్ళుగా ఫిల్ము కోసి బ్రతుకుతున్నాను. ఈ మాట నాకెవరూ చెప్పలేదు" అన్నాడు చివరికి.

ఆ రాత్రి వంద సెకన్లలో పదివేల ఫ్రేములు తీశాము. కంప్యూటరు వాటిని స్పష్టతను బట్టి వరుసలో పేర్చింది. ఎక్కడ కత్తిరించాలో అతడే చెప్పాడు. వెయ్యి మిగిలాయి. గురుడి మీద రెండు మేఘపట్టీలు తేటగా వచ్చాయి.