ఆమె తరఫు లాయరు ఎవరు?

విల్కీ కాలిన్స్ నవల ‘ది వుమన్ ఇన్ వైట్’ 1859లో సీరియల్‌గా మొదలై 1860లో పుస్తకంగా వచ్చింది. అందులో సర్ పెర్సివల్ గ్లైడ్ తన భార్య లారా ముందు ఒక దస్తావేజు పెడతాడు. రాత ఉన్న భాగమంతా మడిచేసి, సంతకం చెయ్యాల్సిన చోటు మాత్రమే ఆమెకు కనబడేలా ఉంచుతాడు. చదవకుండా సంతకం పెట్టనంటుంది లారా. పెళ్ళికి ముందే ఆమె ఆస్తిని కాపాడేలా ఒప్పందం రాయాలని కుటుంబ సొలిసిటర్ గిల్మోర్ ఎంతో వాదించాడు. కానీ సంరక్షకుడైన చిన్నాన్న తన సుఖం తాను చూసుకుని పెర్సివల్ షరతులకే తలూపాడు. లారా ఆస్తి గురించి ఇంతమంది మాట్లాడారు గానీ, లారా తానుగా ఎంచుకున్న లాయరంటూ ఎవరూ లేరు.

ఈ నవలలోని పిచ్చాసుపత్రి గురించీ, తారుమారైన గుర్తింపుల గురించీ విమర్శకులు చాలా రాశారు. నన్ను మాత్రం ఆ కాగితం మడతే పట్టుకుంది. ఇంగ్లండ్‌లో స్త్రీల ఆస్తిహక్కు చరిత్రను ఆ మడత వైపునుంచి చదివితే ఎలా ఉంటుంది?

అప్పటి ఇంగ్లండ్ చట్టం దృష్టిలో పెళ్ళయిన స్త్రీకి భర్తనుంచి వేరుగా అస్తిత్వం లేదు. అయినా ఆమెకు సంక్రమించిన భూమిని ఆమె ప్రమేయం లేకుండా భర్త శాశ్వతంగా అమ్మెయ్యలేడు. అందుకని శతాబ్దాలపాటు ఒక ఆచారం నడిచింది. భర్తను దూరంగా ఉంచి, ఇది ఇష్టపడే చేస్తున్నావా అని భార్యను విడిగా అడిగేవారు. 1833లో భూబదిలీకి సంబంధించిన పాత కోర్టు తంతులను రద్దు చేసిన చట్టం కూడా ఈ విడి విచారణను అట్టేపెట్టింది. ఇంటి లోపల ఒత్తిడి ఉంటుందని చట్టానికి ఎప్పటినుంచో తెలుసన్నమాట! కానీ ఆ గదిలో ఆమెను ప్రశ్నించేవాడు న్యాయమూర్తో, నియమిత అధికారో. ‘వద్దమ్మా, ఇందులో నీకు నష్టం’ అని చెప్పే బాధ్యత అతనికి లేదు.

ఆ మాట చెప్పాల్సింది సొలిసిటర్. ఫీజు తీసుకుని ఆస్తి బదిలీ పత్రాలు రాసే పనిని 1804 నాటి స్టాంపు చట్టం న్యాయవృత్తిలోని వారికే కట్టబెట్టింది. ఆ వృత్తిలో ఉన్నదంతా మగవాళ్ళే. 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం భార్యకు తన పేరున ఆస్తి ఉంచుకునే, అమ్ముకునే హక్కునిచ్చింది. అయితే 1913లో గ్వినెత్ బెబ్, మరో ముగ్గురు స్త్రీలు తమను సొలిసిటర్ పరీక్షలకు రానివ్వమని కోర్టుకెక్కితే, సొలిసిటర్ల చట్టంలోని ‘వ్యక్తి’ అనే మాట స్త్రీలకు వర్తించదని తీర్పొచ్చింది. 1919 చట్టం తర్వాతే తలుపు తెరుచుకుంది. 1922 డిసెంబరులో కారీ మారిసన్ ఇంగ్లండ్‌లో తొలి మహిళా సొలిసిటర్ అయింది. 1913లో కోర్టుకెక్కిన నలుగురిలో ఒకరైన మాడ్ క్రాఫ్ట్స్ కూడా సొలిసిటరై, 1925లో స్త్రీల చట్టాలపై పుస్తకం రాసింది. ఆస్తి చేతికొచ్చిన నలభై ఏళ్ళకు గానీ, ఆ ఆస్తి గురించి మరో స్త్రీని సలహా అడిగే వీలు రాలేదు.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగానికి కథ బ్యాంకుకు చేరింది. భర్త వ్యాపారానికి అప్పు కావాలి, తాకట్టుకు ఇల్లుంది. భార్య డబ్బు పెట్టి, అందులో కాపురముంటే, పత్రంలో ఆమె పేరు లేకపోయినా బ్యాంకు ఆమె హక్కును పక్కకు నెట్టలేదని 1980లో బోలాండ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. 1993లో ఓబ్రయన్ కేసు వచ్చింది. హామీ 60,000 పౌండ్లకే అన్న భర్త మాట నమ్మి ఆ భార్య పత్రం చదవకుండా సంతకం చేసింది. అసలు అప్పు పరిమితి 1,35,000. మడత పెట్టడానికి కాగితమే అక్కర్లేదు, మాట చాలు. ఆమె గెలిచింది. 2001లో ఎట్రిడ్జ్ తీర్పు మరింత స్పష్టంగా చెప్పింది: బ్యాంకు భార్యకే నేరుగా రాయాలి, తన సొలిసిటర్ ఎవరో చెప్పమనాలి. ఆ సొలిసిటర్ భర్త లేనిచోట ఆమెను కలిసి, ప్రమాదమేమిటో మామూలు మాటల్లో వివరించి, నిర్ణయం ఆమెదేనని చెప్పాలి. 1833 నాటి గది మళ్ళీ వచ్చింది. ఈసారి అందులో సలహా చెప్పే మనిషి ఉన్నాడు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా పిన్ని కూతురికి అలాంటి ఉత్తరమే వచ్చింది. భర్త వ్యాపారం కోసం ఇద్దరి పేరా ఉన్న ఇల్లు తాకట్టు పెట్టాలి. “అక్కా, నా సొలిసిటర్ ఎవరో చెప్పమంటున్నారు. నాకంటూ సొలిసిటర్ ఎవరున్నారే? మావారు తన లాయరు పేరే రాసెయ్యమంటున్నారు” అంది ఫోన్లో. ఉద్యోగం చేస్తూ ఆ ఇంటి వాయిదాలు సగం కట్టిన మనిషి ఆమె. వేరే లాయరును పెట్టుకుంటే నమ్మకం లేదనుకుంటారేమోనని ఆమె భయం. చట్టం ఇచ్చిన గదిలోకి వెళ్ళాలంటే ముందు ఇంట్లో ఈ గడప దాటాలి.

ఆ తీర్పులోని బలహీనత కూడా ఇక్కడే ఉంది. ప్రయోజనాలు ఢీకొననంతవరకూ భర్త సొలిసిటరే భార్యకూ సలహా ఇవ్వొచ్చని ఎట్రిడ్జ్ అనుమతించింది. రేపు కూడా పనిచ్చేది భర్తే అయినప్పుడు ఆ సలహా ఎటు మొగ్గుతుంది? మరో లొసుగు ఉమ్మడి రుణం. 1993లోనే పిట్ కేసులో భార్య ఒత్తిడికి లొంగి సంతకం చేసిందని నిరూపణైనా, రుణం ఇద్దరికోసమని కాగితాల్లో ఉంది కాబట్టి ఆమె ఓడిపోయింది. ఇంటిని తిరిగి తాకట్టు పెట్టే సందర్భాల్లో చాలామంది స్త్రీలుండేది ఈ స్థితిలోనే. 2025 జూన్‌లో బ్రిటన్ సుప్రీం కోర్టు ఈ లొసుగును కొంత పూడ్చింది. 3,84,000 పౌండ్ల ఉమ్మడి రుణంలో సుమారు 39,500 పౌండ్లు పురుషుడి సొంత అప్పులకు పోయిన కేసది. నామమాత్రం కాని ఏ భాగమైనా ఒకరి బాకీ తీర్చడానికే అయితే బ్యాంకు జాగ్రత్త పడాల్సిందేనని కోర్టు చెప్పింది.

సొలిసిటర్‌ను ఎంచుకోవడమంటే ఫీజులు పోల్చి చూసుకోవడమనే అనుకుంటాం. మా చెల్లికి నేను వేరే ప్రశ్నలు రాసి పంపాను. ఈయన్ని నాకు చూపించిందెవరు? నా భర్తకో, బ్యాంకుకో కూడా ఈయనే పనిచేస్తున్నాడా? నన్ను ఒంటరిగా కలుస్తాడా? అప్పు మొత్తమెంతో, తీర్చలేకపోతే ఇల్లేమవుతుందో నాకర్థమయ్యేలా చెబుతాడా? నేను వద్దంటే ఆ మాట బ్యాంకుకు చెబుతాడా? ఆమె వేరే సొలిసిటర్‌ను వెతుక్కుంది. గంటసేపు మాట్లాడాక, హామీకి పరిమితి పెట్టమని బ్యాంకును అడిగించింది. పరిమితి పెట్టాకే సంతకం చేసింది. భర్త రెండు రోజులు ముభావంగా ఉన్నాడట.

ఆ రెండు రోజుల ముభావం ఏ తీర్పులోనూ ఉండదు. స్త్రీల ఆస్తి చరిత్ర రాసేటప్పుడు చట్టాల తేదీల పక్కన దాన్ని కూడా రాయాలి.