మురుగునీటి సేద్యం – ఆకుకూరల్లో భారలోహాలు: మూసీ అనుభవం

నగరాల మురుగునీటితో పంటలు పండించడం కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో బెర్లిన్, పారిస్ నగరాలు తమ మురుగును ప్రత్యేకంగా కేటాయించిన పొలాలకు మళ్లించాయి. మురుగులో నత్రజని, భాస్వరం ఉంటాయి కాబట్టి ఎరువు ఖర్చు తగ్గుతుంది, నదిలో కలిసే మలినమూ తగ్గుతుంది. ఈ వాదనలో తప్పు లేదని మీరు గుర్తుంచుకోవాలి. అయితే కర్మాగారాల నీరు కలిసేకొద్దీ లెక్క మారిపోయింది. బెర్లిన్ పొలాల మట్టిలో దశాబ్దాలుగా పేరుకున్న కాడ్మియం, సీసం తరువాతి కాలంలో బయటపడ్డాయి.

తెలుగు నేలపై ఇందుకు స్పష్టమైన ఉదాహరణ మూసీ. 1908 సెప్టెంబరు వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నిర్మించారు. ఎగువ నీరు జలాశయాల్లో ఆగిపోవడంతో, నగరం పెరిగేకొద్దీ దిగువన వేసవిలో పారేది దాదాపు మురుగే అయింది. దిగువ రైతులు కత్వల నుంచి కాలువల ద్వారా ఆ నీటినే పొలాలకు పెట్టుకున్నారు. మెట్ట ప్రాంతంలో ఏడాది పొడవునా ఆగని నీరంటే చిన్న విషయమా! వరి, పాలకూర, తోటకూర, పాడిగేదెలకు పారా గడ్డి – ఎన్నో కుటుంబాలు దానిమీదే బతికాయి.

1970ల నుంచి హైదరాబాదు చుట్టూ పారిశ్రామికవాడలు విస్తరించాయి. పటాన్‌చెరు వ్యర్థాలు నక్కవాగులో కలిసి పొలాలు చెడిపోవడంతో 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తరువాత అక్కడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి, నగర మురుగుతో కలిపి అంబర్‌పేట వైపు పంపే ఏర్పాటు చేశారు. పటం తీసి చూడండి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది, అది గోదావరి పరీవాహకం. మూసీ కృష్ణా పరీవాహకం. ఒక నది కష్టాన్ని ఇంకొక నదికి బదిలీ చేయడాన్ని పరిష్కారం అనడం నాకు సమ్మతం కాదు.

లోహాలన్నీ ఒకే విధంగా ప్రవర్తించవు. సీసం మట్టికి గట్టిగా అంటుకుంటుంది. ఆకులపై అది ఎక్కువగా దుమ్ము, బురద రూపంలో ఉంటుంది కనుక బాగా కడిగితే కొంత పోతుంది. కాడ్మియం అలా కాదు. వేరు ద్వారా ఆకులోకి చేరుతుంది. కడిగినా, ఉడికించినా నశించదు. ఆమ్ల నేలల్లో దీని కదలిక ఎక్కువ, క్షార నేలల్లో తక్కువ. అందువల్ల ‘మురుగునీటి కూర’ అన్నంత మాత్రాన విషమని తీర్పు చెప్పకూడదు, మట్టినీ ఆకునూ పరీక్షించాలి. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం కిలో ఆకుకూరలో సీసం 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు మించరాదు. పరిమితి దాటిన తిండి ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందో జపాన్ చూసింది. జింజూ నది నీటితో పండిన వరి తిన్నవారికి ఎముకలు పెళుసుబారి విరిగిపోయాయి. గనుల నుంచి వచ్చిన కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో గాని అంగీకరించలేదు.

ఈ చరిత్రలో తరచు నింద పడేది రైతుమీద. ఆ నీటిలో లోహం కలిపింది అతడు కాదు. తోట పీకించడం సులువు, కర్మాగారం గొట్టాన్ని మురుగు కాలువ నుంచి వేరుచేయడం కష్టం. మన పాలనా యంత్రాంగాలు చాలాసార్లు సులువైన పనినే ఎంచుకున్నాయి.

పాతపట్నం ప్రాంత విద్యార్థులు ఈ ప్రశ్నను దగ్గర నుంచే పరిశీలించవచ్చు. మహేంద్రతనయ పర్లాకిమిడి పక్కగా పారి, పాతపట్నం మీదుగా వంశధారలో కలుస్తుంది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఎగువ పట్టణం ఒక ప్రభుత్వం కింద, దిగువ పొలాలు మరొక ప్రభుత్వం కింద ఉన్నప్పుడు నీటి పరీక్ష ఎవరు చేయించాలి, ఆ ఫలితం ఎవరికి చెప్పాలి? మీ మండలంలోని కూరగాయల మళ్లకు ఏ కాలువ నీరు వస్తుందో, ఆ కాలువలో ఎగువన ఏమేమి కలుస్తున్నాయో పెద్ద రైతులనూ చిన్న రైతులనూ అడిగి, ఒక పుటలో రాయండి.