నూలుతో సముద్రపు తాబేలు: క్రోషే బొమ్మ ‘పర్యావరణ హితం’ ఎప్పుడవుతుంది?

ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు దేశ తూర్పు తీరానికి వస్తాయి. ఒడిశాలోని గహీర్‌మాత, రుషికుల్య తీరాల్లో అవి లక్షల సంఖ్యలో ఒక్కసారిగా ఒడ్డుకు చేరతాయి. ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ అక్కడక్కడా గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ఈ జీవికి చేపల వలలతో పాటు సముద్రంలో చేరుతున్న ప్లాస్టిక్ కూడా ముప్పే.

అదే తాబేలు ఇప్పుడు పిల్లల బొమ్మగానూ కనిపిస్తోంది. ఆక్టోపస్, తిమింగలం, జెల్లీఫిష్‌లతో పాటు క్రోషే బొమ్మల్లో తాబేలుకు మంచి ఆదరణ ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఈ బొమ్మల పక్కన ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్న మాట తరచూ ఉంటుంది. కానీ చాలా బొమ్మల్లో పైదారం అక్రిలిక్, లోపల కూరింది పాలిస్టర్, కళ్లు ప్లాస్టిక్. చేత్తో అల్లినంత మాత్రాన బొమ్మ పర్యావరణ హితం అయిపోదు. ఏ పీచుతో అల్లారు, లోపల ఏం పెట్టారు, ఎన్నేళ్లు మన్నుతుంది అన్నవే ఆ మాటకు అర్థం ఇస్తాయి.

అమిగురుమి అంటే ఏమిటి?

క్రోషేతో అల్లి లోపల దూది కూరిన చిన్న బొమ్మలను ‘అమిగురుమి’ అంటారు. ఇది జపాన్ మాట. ‘అమి’ అంటే అల్లిక, ‘నుయిగురుమి’ అంటే కూరిన బొమ్మ. రెండూ కలిసి ఈ పేరు వచ్చింది.

ఈ బొమ్మల వెనుక ఉన్న లెక్క సులువైంది. ఆరు కుట్లతో మొదలుపెట్టి చుట్టుకు ఆరు చొప్పున పెంచుతూ పోతే బల్లపరుపు బిళ్ల వస్తుంది. పెంచడం ఆపితే అంచులు వంగి గిన్నెలా మారతాయి. అవసరానికి మించి పెంచితే అంచులు ముడతలు పడి పగడపు దిబ్బల ఆకారం వస్తుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా టైమిన్యా 1997లో ఈ ముడతల అల్లికతోనే హైపర్‌బోలిక్ తలానికి చేత్తో పట్టుకోగల నమూనా తయారుచేశారు. దాని ఆధారంగా మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కచెల్లెళ్లు 2005లో లాస్ ఏంజెలెస్‌లో క్రోషే పగడపు దిబ్బల ప్రాజెక్టును మొదలుపెట్టారు. నిజమైన పగడపు దిబ్బలు దెబ్బతింటున్న సంగతిని అల్లికతో చెప్పడం వారి ఉద్దేశం.

దారం: పేరు కాదు, పీచు చూడాలి

బజార్లో ‘ఊలు’ పేరుతో అమ్మే రంగురంగుల ఉండల్లో చాలావరకు గొర్రె ఉన్ని కాదు, అక్రిలిక్. ఇది పెట్రోలియం నుంచి తయారయ్యే ప్లాస్టిక్ పీచు. చవక, తేలిక, రంగు త్వరగా వెలిసిపోదు. అయితే మట్టిలో కలవదు. ఉతికినప్పుడు సన్నని పోగులు వదులుతుంది.

బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 6 కిలోల అక్రిలిక్ బట్టలను ఒకసారి మెషీన్‌లో ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు నీటిలోకి విడుదల కావచ్చు. సముద్రాల్లోకి నేరుగా సూక్ష్మ రూపంలోనే చేరుతున్న ప్లాస్టిక్‌లో దాదాపు 35 శాతం కృత్రిమ వస్త్రాల ఉతుకు నుంచే వస్తోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017 నివేదిక అంచనా వేసింది. బొమ్మను చొక్కాలా వారానికోసారి ఉతకరు కాబట్టి దాని వాటా చాలా చిన్నదే. అసలు సమస్య బొమ్మ పాతబడి చెత్తలోకి వెళ్లాక మొదలవుతుంది.

మరి ప్రత్యామ్నాయాలు ఏమిటి? ఒక్కోదానికీ ఒక్కో పరిమితి ఉంది.

మామూలు నూలు దారం: సులభంగా దొరుకుతుంది, మట్టిలో కలుస్తుంది, కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే పత్తి సాగులో నీరు, పురుగుమందుల వాడకం ఎక్కువ.

సేంద్రియ నూలు: ‘గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్’ అంటే గాట్స్ గుర్తు ఉన్న దారంలో కనీసం 70 శాతం సేంద్రియ పీచు ఉండాలి. లేబుల్‌పై ‘ఆర్గానిక్’ అని మాత్రమే రాయాలంటే 95 శాతం ఉండాలి. అద్దకంలో వాడే రసాయనాలకూ ఈ ప్రమాణం పరిమితులు పెడుతుంది. అలాగని ధ్రువపత్రాన్ని గుడ్డిగా నమ్మలేం. భారత్‌లో నకిలీ పత్రాలతో 20 వేల టన్నుల పత్తిని సేంద్రియంగా చూపించారని 2020లో గాట్స్ సంస్థే బయటపెట్టింది.

రీసైకిల్ చేసిన నూలు: పాత బట్టలు, మిల్లు తుక్కు నుంచి తీసిన దారం. ఈ పనికి హరియాణాలోని పానిపట్ పెద్ద కేంద్రం. కొత్త పత్తి అవసరం తగ్గుతుంది. కానీ పాత బట్టల్లో పాలిస్టర్ కలిసి ఉండటం మామూలే కాబట్టి లేబుల్‌పై పీచు శాతాలు చూడాలి.

సీసాల నుంచి తీసిన పాలిస్టర్: వాడేసిన ప్లాస్టిక్ మళ్లీ పనికొస్తుంది. అయినా అది ప్లాస్టిక్కే, పోగులు వదులుతూనే ఉంటుంది.

వెదురు దారం: పేరు చూసి ప్రకృతి సిద్ధం అనుకుంటారు. చాలావరకు ఇది వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి తీసే విస్కోస్. ఇలాంటి వస్త్రాలను ‘వెదురు’ పేరుతో అమ్ముతున్న కంపెనీలపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే చర్యలు తీసుకుంది.

మిల్క్ కాటన్: మెత్తగా ఉంటుందని బొమ్మలకు ఎక్కువగా వాడుతున్న దారం. చాలా రకాల్లో అక్రిలిక్ కలిసి ఉంటుంది.

లేబుల్ లేని దారాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె ఉంచుకుని కాల్చాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. అక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మారుతుంది. ఈ పరీక్ష పిల్లలకు దూరంగా చేయాలి.

లోపలి దూది, కళ్లు

నూలుతో అల్లి లోపల పాలిస్టర్ కూరితే సగం పనే అయినట్టు. తెలుగు ఇళ్లలో దిండ్లకు వాడుతూ వచ్చిన బూరుగు దూది దీనికి మంచి ప్రత్యామ్నాయం. తేలికగా, బోలుగా ఉండే ఈ పీచు నీటిని తేలిగ్గా పీల్చుకోదు. అందుకే ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో వాడేవారు. రెండు జాగ్రత్తలు అవసరం. కూరేటప్పుడు దీని నూగు గాల్లో లేస్తుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటుంది. కుట్ల సందుల్లోంచి దూది బయటికి రాకుండా ముందుగా చిన్న గుడ్డ సంచిలో నింపి, దాన్ని బొమ్మలో పెట్టడం మేలు.

కళ్లకు ప్లాస్టిక్ గుండీల బదులు నల్ల నూలు దారంతో కుట్టు వేయాలి. ఊడిన కన్ను పసిపిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలో విడిపోయే చిన్న భాగం ఏదీ ఉండకూడదు.

తాబేలు అల్లే విధానం

ఆలివ్ రిడ్లే చిప్ప దాదాపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి చుట్లుగా అల్లే పద్ధతికి బాగా నప్పుతుంది. మధ్యరకం మందం ఉన్న ఆలివ్ ఆకుపచ్చ నూలు ఉండ 50 గ్రాములది ఒకటి, కొద్దిగా మీగడ రంగు దారం, కొద్దిగా నల్ల దారం, 2.5 లేదా 3 మిల్లీమీటర్ల క్రోషే సూది, పెద్ద కన్ను ఉన్న కుట్టు సూది, పాత నూలు గుడ్డ, బూరుగు దూది ఉంటే చాలు.

ఇందులో ప్రధానంగా వచ్చేది సింగిల్ క్రోషే కుట్టు. సూదిని కింది చుట్టులోని కుట్టులో గుచ్చి దారం లాగితే సూదిపై రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం వేసి ఆ రెండింటిలోంచి లాగితే ఒక కుట్టు పూర్తవుతుంది. అమెరికా పుస్తకాలు దీన్ని సింగిల్ క్రోషే అంటే, బ్రిటిష్ పుస్తకాలు డబుల్ క్రోషే అంటాయి. ఇతర నమూనాలు చూసి అల్లేవారు ఈ తేడా గమనించాలి. ‘పెంపు’ అంటే ఒకే కుట్టులో రెండు కుట్లు వేయడం, ‘తగ్గింపు’ అంటే పక్కపక్కనున్న రెండు కుట్లను ఒకటిగా కలపడం. ప్రతి చుట్టు మొదటి కుట్టులో వేరే రంగు దారం ముక్క పెట్టుకుంటే లెక్క తప్పదు.

చిప్ప (ఆకుపచ్చ):
1వ చుట్టు: దారపు ఉంగరంలో 6 కుట్లు.
2వ చుట్టు: ప్రతి కుట్టులో పెంపు. మొత్తం 12.
3వ చుట్టు: 1 కుట్టు, 1 పెంపు చొప్పున ఆరుసార్లు. మొత్తం 18.
4వ చుట్టు: 2 కుట్లు, 1 పెంపు చొప్పున ఆరుసార్లు. మొత్తం 24.
5వ చుట్టు: 3 కుట్లు, 1 పెంపు చొప్పున ఆరుసార్లు. మొత్తం 30.
6వ చుట్టు: 4 కుట్లు, 1 పెంపు చొప్పున ఆరుసార్లు. మొత్తం 36.
7 నుంచి 9వ చుట్టు వరకు: పెంపు లేకుండా చుట్టుకు 36 కుట్లు. ఇక్కడే చిప్పకు గిన్నె ఆకారం వస్తుంది.

పొట్ట (మీగడ రంగు): చిప్పలోని మొదటి 6 చుట్లే అల్లి ముడివేయాలి. 36 కుట్ల బల్లపరుపు బిళ్ల వస్తుంది.

తల (ఆకుపచ్చ): చిప్పలోని మొదటి 3 చుట్లు, తర్వాత పెంపు లేకుండా 18 కుట్ల చొప్పున మూడు చుట్లు వేయాలి. చివరి చుట్టులో 1 కుట్టు, 1 తగ్గింపు చొప్పున ఆరుసార్లు వేస్తే 12 కుట్లు మిగులుతాయి. లోపల గుడ్డ పీలికలు కూరి మూతి తెరిచే ఉంచాలి.

ముందు రెక్కలు రెండు: ఉంగరంలో 6 కుట్లు. రెండో చుట్టులో 2 కుట్లు, 1 పెంపు చొప్పున రెండుసార్లు వేస్తే 8 అవుతాయి. 3 నుంచి 10వ చుట్టు వరకు చుట్టుకు 8 కుట్లు. దూది కూరకుండా చదును చేసి, రెండు పొరల్లోంచి 4 కుట్లు వేసి మూయాలి. వెనుక రెక్కలు రెండూ ఇలాగే, అయితే 6వ చుట్టుతో ఆపాలి.

కూర్పు: చిప్ప, పొట్ట అంచులను కుట్టుకు కుట్టు కలుపుతూ 18 కుట్ల వరకు కుట్టాలి. దూది నింపి మూతి కుట్టిన గుడ్డ సంచిని లోపల పెట్టి, మిగతా 18 కుట్లు కలపాలి. తల, రెక్కలను పొట్ట అంచుకు రెండేసి సార్లు గట్టిగా కుట్టి, దారపు కొసలను లోపలికి దాచాలి. సాధారణంగా చిప్ప 6 నుంచి 7 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. కుట్ల మధ్య దూది సంచి కనిపిస్తుంటే ఇంకాస్త సన్నని సూది వాడాలి.

బొమ్మ మాసితే చల్లని నీళ్లలో కొద్దిగా సబ్బుతో చేత్తో అద్ది ఉతికి, పిండకుండా తువాలులో నొక్కి, పూర్తిగా ఆరబెట్టాలి. లోపల తడి నిలిస్తే బూజు పడుతుంది. రెక్క ఊడితే మళ్లీ కుట్టేందుకు ఒక మూర దారం దాచుకోవడం మంచిది. పదేళ్లు మన్నిన మామూలు నూలు బొమ్మ, ఏడాదికే పారేసిన సేంద్రియ బొమ్మ కంటే మేలు.

అమ్మాలనుకుంటే

ఇంట్లో పిల్లలకు అల్లుకోవడం వేరు, అమ్మకానికి పెట్టడం వేరు. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. క్రోషే బొమ్మలు అమ్మే మహిళలకు ఈ నమోదు ఎంతో అవసరం.

ఇక ‘ఎకో ఫ్రెండ్లీ’ అన్న మాట. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మాటలను వివరణ, ఆధారం లేకుండా ప్రకటనల్లో వాడకూడదు. ‘పైదారం నూరు శాతం నూలు, లోపల బూరుగు దూది, ప్లాస్టిక్ కళ్లు లేవు’ అని రాయడం అంతకంటే నిజాయతీ, కొనేవారికీ ఉపయోగం.

చేతికి దక్కే విలువ

క్రోషేను యథాతథంగా అల్లే యంత్రాలు పరిశ్రమలో వాడుకలోకి రాలేదు. దుకాణంలో కనిపించే ప్రతి క్రోషే బొమ్మా ఎవరో ఒకరు గంటల తరబడి కూర్చుని అల్లిందే. ధర మరీ తక్కువగా ఉంటే ఆ తగ్గింపు ఆమె కూలిలోంచే వచ్చి ఉండొచ్చు.

తెలుగు నేలకు ఇది కొత్త సంగతి కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన క్రోషే లేసు, వేల మంది మహిళల జీవనాధారంగా ఎదిగింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో ఆ మహిళల పనిని ‘ఇంటి ఆడవాళ్ల ఖాళీ సమయపు కాలక్షేపం’గా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని విశ్లేషించారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు పేరును కాపాడుతుంది కానీ కూలిని తనంతట తాను పెంచదు.

అందుకే తాబేలు బొమ్మ కొనేవారు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: పైన ఏ పీచు? లోపల ఏముంది? తెగితే బాగుచేయవచ్చా? అల్లిన మనిషికి ఎంత ముట్టింది? వీటికి జవాబు చెప్పగలిగిన బొమ్మకు ‘పర్యావరణ హితం’ అన్న చీటీతో పెద్దగా పని ఉండదు.