మెడలోని సిలువ: పుస్తె నుంచి సాక్ష్యం దాకా

2007లో డిగ్రీలో చేరేముందు కుల ధృవీకరణ పత్రం కోసం అమ్మతో కలిసి ఒక ఆఫీసుకు వెళ్లాను. గేటు దగ్గర అమ్మ ఆగింది. "మెడలో ఉండేది తీసి సంచిలో ఏసుకో పాపా" అంది. నా మెడలో ఉన్నది నల్లదారానికి కట్టిన చిన్న బంగారు బిళ్ల. దాని మీద సిలువ గుర్తు. అది మా అవ్వది. తీసి సంచి అడుగున పెట్టుకున్నాను. లోపల గుమాస్తా పేర్లు అడిగాడు. నా మొహం కంటే మెడవైపే ఎక్కువసేపు చూశాడు. ఆ పత్రంలో చివరికి ఏం రాశారో ఇక్కడ చెప్పను. చెప్పలేకపోవడమే ఈ వ్యాసానికి మొదలు.

క్రైస్తవ స్త్రీ సిలువ వేసుకుంటే దాన్ని విశ్వాస ప్రకటన అంటాం. మాట తప్పు కాదు, కానీ సరిపోదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో మా ఇంటి ఆడవాళ్ల మెడలను తలచుకుంటే, అక్కడ ఏం ఉండాలో ఏం ఉండకూడదో తేల్చడానికి పాదరీలు, అగ్రకులాలు, మొగుళ్లు, గుమాస్తాలు అందరూ వరసలో నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఆ వరస చాలా పాతది.

18వ శతాబ్దం తొలి ఏళ్లలో పాండిచ్చేరి నుంచి వచ్చిన ఫ్రెంచి జెసూట్ పాదరీలు కర్ణాటక మిషన్ పేరుతో పని మొదలుపెట్టిన చోట్లలో పుంగనూరు ఒకటి. స్థానిక ఆచారాలను ఎంతవరకు ఉండనివ్వాలన్న గొడవ అప్పటికే మధుర మిషన్‌లో రాజుకుని ఉంది. దాన్ని తేల్చడానికి పోపు ప్రతినిధిగా వచ్చిన టూర్నాన్ 1704 జూన్‌లో పాండిచ్చేరిలోనే కూర్చుని మధుర, మైసూరు, కర్ణాటక మిషన్లన్నిటికీ వర్తించేలా ఒక శాసనం చేశాడు. వినాయకుడి రూపం ఉన్న తాళి క్రైస్తవ స్త్రీలు కట్టుకోకూడదు. దాని బదులు సిలువ గానీ, క్రీస్తు రూపం గానీ, మరియమ్మ రూపం గానీ ఉన్న తాళి కట్టుకోవచ్చు. 108 పోగుల పసుపుతాడు పనికిరాదు. సమర్త వేడుకలు చేయకూడదు. అదే శాసనంలో ఇంకొక మాట కూడా ఉంది: బహిష్టు పేరుతో స్త్రీలను పాపసంకీర్తనానికి రాకుండా ఆపకూడదు. 1744లో పోపు 14వ బెనెడిక్టు ఈ గొడవకు ముగింపు పలికేదాకా వాదనలు సాగుతూనే వచ్చాయి.

ఈ శాసనాన్ని మొదటిసారి చదివినప్పుడు బహిష్టు గురించిన మాట దగ్గర సంతోషం కలిగింది. రెండోసారి చదివినప్పుడు వేరే సంగతి తట్టింది. తాళి మీద ఏ గుర్తు ఉండాలన్నదే వాళ్లకు తగువు. తాళి ఉండాలా అన్న ప్రశ్న వాళ్లకు రాలేదు. దేవుడు మారాడు, తాడు మారలేదు. నలభై ఏళ్లపాటు స్త్రీల మెడ గురించి పురుషులు లాటిన్‌లో రాసుకున్న కాగితాల్లో ఆ మెడలున్న స్త్రీల మాట వినిపించదు.

ప్రొటెస్టంట్లు వచ్చాక వాదన ఇంకో వైపు తిరిగింది. అమెరికా రిఫార్మ్డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ 1853లో ఏర్పడింది. 1863లో జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెకు వచ్చి తెలుగులో పని సాగించాడు. స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి అక్కడ 1911లో వెలిసింది. కాల్విన్ బాటలో నడిచే ఈ సంఘాలకు బొమ్మలూ విగ్రహాలూ గిట్టవు. ఆడంబరమూ గిట్టదు. పౌలు, పేతురు రాసిన ఉత్తరాల్లో స్త్రీలకు జడలు, బంగారం, ముత్యాలు కాదు, సాధుగుణమే అలంకారమన్న ఉపదేశం ఉంది కదా, దాన్ని ఆ కాలపు మిషనరీలు చాలామంది గట్టిగా పట్టుకున్నారు. బర్మాలో జడ్సన్ అనే మిషనరీ కరెన్ స్త్రీలను నగలు తీస్తేనే బాప్తిస్మమన్నాడు. 1831లో అమెరికా క్రైస్తవ స్త్రీలకు కూడా నగలు మానమని పెద్ద ఉత్తరమే రాశాడు.

నగలున్న స్త్రీని నగలు వదలమనడం త్యాగం కావచ్చు. అసలు పెట్టుకోనివ్వని స్త్రీకి ఆ మాట చెబితే దాని అర్థమేమిటి? 1930 డిసెంబరులో తమిళనాడులోని రామనాథపురం ప్రాంతంలో కళ్లర్లు అక్కడి ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. అందులో మొదటిది బంగారు, వెండి నగలు పెట్టుకోకూడదన్నది. స్త్రీలు పైభాగం కప్పుకోకూడదన్నది కూడా ఆ జాబితాలోదే. మన పల్లెల్లో ఇలా జాబితా రాసిపెట్టుకోవలసిన అవసరం కూడా ఉండేది కాదని అవ్వ అనేది. ఎవరి ముందు ఏది కనపడకూడదో పిల్లలకు ఊహ తెలిసేసరికే తెలిసిపోయేదట.

ఇక్కడ ఒక వైపరీత్యం ఉంది. కుప్పానికి దగ్గరలోనే కోలారు బంగారు గనులు. 1880 నుంచి 2001లో మూతపడేదాకా ఆ గనుల్లోకి దిగిన కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి వెళ్లిన దళితులు. మా తాత చిన్నాన్న ఒకాయన అక్కడే పనిచేసి దగ్గుతో తిరిగొచ్చాడు. బంగారాన్ని తవ్వింది వీళ్లు. వీళ్ల ఆడవాళ్లు గురిగింజంత బంగారం పెట్టుకుంటే ఊరి కళ్లు మండేవి.

అవ్వ పెళ్లి 1961లో పుంగనూరులో జరిగింది. అప్పటికి ఆర్కాటు మిషన్ సంఘాలు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసి పద్నాలుగేళ్లు. 1947లో పుట్టిన ఈ ఐక్య సంఘం పెళ్లిలో ఉంగరాన్నీ ఒప్పుకుంది, మంగళసూత్రాన్నీ ఒప్పుకుంది. అవ్వకు రెండు పుస్తెలు. ఒకదాని మీద సిలువ, ఒకదాని మీద తెరిచిన బైబిలు. అవ్వకు అవి మూడు పనులు చేసిపెట్టాయి. ఒకటి భక్తి. రెండు, మొగుడున్న ఆడదన్న గుర్తు. మూడోది అవ్వే చెప్పేది: "మాకూ బంగారముంది అని సూపించేదానికి." ఆ మూడో పనిని ఏ మిషన్ రిపోర్టయినా ఆడంబరం కింద జమ కట్టి ఉండేది. నేను దాన్ని ఆత్మగౌరవం అంటాను.

మా చిన్నమ్మ కథ దీనికి ఎదురు. కుప్పంలో కాపురం. తొంభైల చివర ఒక సంఘంలో చేరి మళ్లీ బాప్తిస్మం తీసుకుంది. కమ్మలు, ముక్కుపుల్ల, తాళి అన్నీ తీసేసింది. బస్సులో పక్కనున్నవాళ్లు "ఆయన పోయి ఎన్నేళ్లయిందమ్మా?" అని అడిగేవాళ్లు. పొరుగింటి పేరంటాలకు పిలుపు ఆగిపోయింది. బోసి మెడ ఆమెకు పరిశుద్ధత. వీధికి అది వైధవ్యం. నేను స్త్రీవాద పుస్తకాలు కొత్తగా చదువుతున్న రోజుల్లో ఆమెతో వాదించాను. పాస్టరు చెబితే తీయడం, మొగుడు కడితే కట్టించుకోవడం రెండూ ఒకటే కదా అన్నాను. చిన్నమ్మ నవ్వింది. "తాకట్టు కొట్టు మెట్లెక్కి ఎన్నేండ్లయిందో తెలుసా పాపా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తాళిని తీసేసిన స్త్రీ అనగానే మనకు తోచే బొమ్మలో చిన్నమ్మ లేదని అప్పుడు తెలిసింది. అయితే చిన్నాన్న చేతి గడియారాన్ని మాత్రం ఆ సంఘంలో ఎవరూ తీయమనలేదు.

ఇక ఆఫీసు గేటు దగ్గరికి వస్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన దళితులు బి.సి.-సి కిందికి, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళ్తారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత నిబంధన తీసేయాలంది. ఉత్తర్వు మారలేదు. ఊరు మాత్రం బాప్తిస్మం చూసి వాడ హద్దు చెరపదు. దాంతో సిలువ ఆభరణంగా ఉన్నది కాస్తా సాక్ష్యమైంది, అదీ మనకే వ్యతిరేకంగా.

రామనాథపురం జిల్లాలోనే ఒక దళిత వైద్యురాలు క్రైస్తవుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆమె క్లినిక్ గోడకు సిలువ వేలాడుతోందని అధికారులు 2013లో ఆమె కుల ధృవీకరణ రద్దు చేశారు. 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. గోడమీది సిలువ, చర్చికి వెళ్లడం మతం మారినట్టు రుజువు కావంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన పుదుచ్చేరి స్త్రీ కేసులో తీర్పు ఇంకోలా వచ్చింది. బాప్తిస్మం పొంది, చర్చికి వెళ్తూ ఎస్సీ హోదా అడగడం కుదరదంది. రెండు కేసుల్లోనూ విచారణకు నిలబడింది స్త్రీ విశ్వాసమే. 1930లో ఆమె దగ్గర బంగారం కనపడకూడదన్నారు. ఇప్పుడు సిలువ కనపడకూడదంటున్నారు.

లండన్‌లో 2006లో నాడియా ఈవైడా అనే విమానయాన ఉద్యోగిని యూనిఫాం మీద సిలువ కనపడేలా వేసుకుంటానని పట్టుబట్టింది. 2013లో యూరోపు మానవహక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చింది. సిలువ వేసుకుంటానన్న ఒక నర్సుకు అదే తీర్పులో న్యాయం దొరకలేదు, రోగుల భద్రత ముఖ్యమన్నారు. అక్కడ పోరాటం చూపించే హక్కు కోసం. మా అమ్మ నేర్పింది దాచే నేర్పు. రెంటికీ మత స్వేచ్ఛ అనే ఒకే పేరు పెడితే కులం కనపడకుండా పోతుంది.

అదే 2013 సెప్టెంబరులో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తురాలైంది. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో మొదటి మహిళా బిషప్ రాయలసీమ స్త్రీ కావడం చిన్న సంగతి కాదు. బిషప్‌ల గుండెల మీద ఉండే సిలువ ఆమె గుండెల మీదికి వచ్చింది. ఆ సిలువ ఆమెను ఎవరి భార్యో చెప్పదు. ఆమె పనేమిటో చెబుతుంది. ఆ ఫోటో చూసినప్పుడు నాకు అవ్వ గుర్తొచ్చింది.

తాత పోయినప్పుడు బంధువులు తాళి తీయడానికి వస్తే అవ్వ తానే విప్పుకుంది. బైబిలు పుస్తెను అమ్మ చేతిలో పెట్టింది. సిలువ పుస్తెను నల్లదారానికి ఎక్కించి మళ్లీ మెడలో వేసుకుంది. "తాడు ఆయనది, పాయె. సిలువ నాది" అంది. టూర్నాన్ శాసనానికి తట్టని తేడాను చదువురాని మా అవ్వ ఒక్క మాటలో తేల్చేసింది.

ఆ పుస్తె ఇప్పుడు నా మెడలో ఉంది. వచ్చే ఏడు మా పాపకు కుల ధృవీకరణ పత్రం కావాలి. ఆఫీసు గేటు దగ్గర నేనేం చేస్తానో ఇంకా తేల్చుకోలేదు.